పటంలో పొరపాటు – వరద బీమా ప్రీమియం వాపసు

మన దేశంలో ‘భారత్ గృహ రక్ష’ వంటి ఇంటి పాలసీలో వరద నష్టం కలిసే ఉంటుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ సాధారణ ఇంటి బీమా వరద నష్టాన్ని భరించదు. ఈ లోటు తీర్చడానికే అక్కడి సమాఖ్య ప్రభుత్వం 1968లో జాతీయ వరద బీమా కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. దాన్ని నడిపే సంస్థ పేరు ఫెమా. ఏ ఏడాదిలోనైనా వరద వచ్చే అవకాశం కనీసం 1 శాతం ఉన్న ప్రాంతాన్ని ఫెమా తన పటాలపై గీత గీసి చూపుతుంది. 1 శాతమే కదా అనుకోకండి. 30 ఏళ్ల గృహరుణ కాలానికి లెక్క వేస్తే అది సుమారు 26 శాతం అవుతుంది. ఆ గీత లోపలి ఇంటిని తాకట్టు పెట్టుకొని సమాఖ్య నియంత్రణలోని బ్యాంకు అప్పు ఇస్తే, 1973 చట్టం ప్రకారం వరద బీమా తప్పనిసరి.

ఇప్పుడు పొరపాటు సంగతి చూద్దాం. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. వీటిని కలిపేయకూడదు.

మొదటిది పటంలోనే ఉన్న లోపం. చిన్న చిన్న మెరకలు పెద్ద పటంలో కనిపించవు. అందువల్ల సహజంగా ఎత్తైన నేలపై ఉన్న ఇల్లు కూడా గీత లోపల పడవచ్చు. అప్పుడు యజమాని ‘పట సవరణ లేఖ’ కోరాలి. దీన్నే లోమా అంటారు. ఇంటి గోడలను ఆనుకొని ఉన్న అత్యంత పల్లపు నేల ఎత్తును లైసెన్సు ఉన్న సర్వేయరు కొలుస్తాడు. అది ఆ చోటికి నిర్ణయించిన వరద మట్టానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. ఫెమా దీనికి రుసుము తీసుకోదు గాని సర్వేయరు ఖర్చు యజమానిదే. మట్టి పోసి మెరక చేసిన స్థలానికి వేరే దరఖాస్తు, రుసుము ఉంటాయి.

రెండోది పటాన్ని చదవడంలో తప్పు. గీత సరిగానే ఉంది, బ్యాంకు తరఫున పరిశీలించినవారే ఇంటిని పొరపాటున లోపల చూపారు. ఇక్కడ పటాన్ని సవరించే పని లేదు. బ్యాంకు నోటీసు ఇచ్చిన 45 రోజుల్లోగా రుణగ్రహీత, బ్యాంకు కలిసి ఆ నిర్ధారణను సమీక్షించమని ఫెమాను కోరాలి.

లోమా చేతికి రాగానే డబ్బు తిరిగి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లోమా తొలగించేది చట్టపరమైన నిర్బంధాన్ని మాత్రమే. తన రుణ భద్రత కోసం బ్యాంకు బీమా కొనసాగించమని అడగవచ్చు. కాబట్టి బీమా అవసరం లేదని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకొని, లోమా నకలుతో పాటు బీమా కంపెనీకి ఇచ్చి పాలసీ రద్దు కోరాలి. సాధారణంగా వాపసు వచ్చేది నడుస్తున్న పాలసీ సంవత్సరపు ప్రీమియమే. అదీ ఆ ఏడాది క్లెయిము చెల్లించి గాని, పెండింగులో గాని ఉండకపోతేనే. పూర్తి వివరాలు అందాక ఫెమా నిర్ణయానికి 60 రోజుల దాకా పట్టవచ్చు గనుక, పాలసీ గడువు దగ్గరపడేదాకా ఆగితే నష్టపోయేది యజమానే.

రద్దుకు ముందు మరొక లెక్క కూడా చూడాలి. తర్వాత మనసు మారి మళ్లీ పాలసీ తీసుకుంటే, అది అమలులోకి రావడానికి సాధారణంగా 30 రోజులు ఆగాలి. ఆలోపు వరద వస్తే నష్టం మొత్తం యజమానిదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక యజమాని ఐదేళ్లుగా ఏటా 1,200 డాలర్ల ప్రీమియం కట్టాడు. ఈ ఏడాది లోమా వచ్చింది, బ్యాంకు ఇంకా ఏమీ రాసివ్వలేదు. అతడు 6,000 డాలర్లు వాపసు కోరాడు. ఈ కోరికలోని రెండు పొరపాట్లు ఏవి?