కారులో పెట్రోలు వాసన: ఎప్పుడు వస్తోంది?

మన ఊళ్ళో "గ్యాసు వాసన వస్తోంది" అంటే వంటింట్లో సిలిండరు. అమెరికాలో అదే మాటకి అర్థం కారులో పెట్రోలు. అర్థం మారినా, సిలిండరు విషయంలో అమ్మ చెప్పిన జాగ్రత్త ఇక్కడా పనికొస్తుంది: స్విచ్చులు ముట్టుకోకు, తలుపులు తెరిచిపెట్టు. వంట గ్యాసు లాగే పెట్రోలు ఆవిరి కూడా గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. గాలిలో 1.4 శాతం ఉన్నా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఇక్కడ గరాజు చాలావరకు ఇంటికి అతుక్కునే ఉంటుంది, కొందరికి వాటర్ హీటరు కూడా అందులోనే. ఆ హీటరుని చాలాచోట్ల 18 అంగుళాల దిమ్మ మీద ఎందుకు నిలబెడతారని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఈ ఆవిరికి భయపడే.

కాబట్టి గరాజులో వాసన ఘాటుగా కొట్టినా, కారు కింద తడి కనిపించినా స్టార్టు చేయకండి. గరాజు తలుపు బటను కూడా నొక్కకండి. మోటారు దగ్గర వేలాడే ఎర్రతాడు లాగితే తలుపు చేత్తోనే లేస్తుంది. పిల్లాపాపలతో బయటికి వచ్చి, అక్కడి నుంచి 911కి ఫోను చేయండి. ఆ కారు మెకానిక్కు దగ్గరికి వెళ్ళాల్సింది టో ట్రక్కు మీదే.

ఇక చుక్క కారడం లేదు, వాసన మాత్రం వచ్చి పోతోంది అనుకుందాం. ముందు డిక్కీ తెరిచి చూడండి. పచ్చిక కోసే యంత్రానికి పెట్రోలు తెచ్చిన డబ్బా అక్కడ ఒలికి ఉంటే ఈ వ్యాసంతో మీకు పని లేదు. అది కాదంటే, విడిభాగాలు మార్చడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది: వాసన ఎప్పుడు వస్తోందో రాసిపెట్టుకోండి. ఎప్పుడు వస్తుందో చెప్పకుండా బగ్గు రిపోర్టు పంపిస్తే మనమైనా ఏం చేస్తాం?

ట్యాంకు నిండా కొట్టించిన రోజు వచ్చి, సగానికి దిగాక పోతోందా? అయితే లీకు ట్యాంకు పైభాగంలో ఉండొచ్చు. పెట్రోలు పంపు కూర్చునే చోట ఉండే రబ్బరు సీలో, పెట్రోలు పోసే గొట్టమో చూడాలి. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఆ గొట్టం ఇనుముదైతే తుప్పు పడుతుంది. గడ్డకట్టే చలిలో పొద్దున్నే వచ్చి, ఇంజను వేడెక్కాక పోతోందా? ఇంజెక్టర్ల దగ్గరి రబ్బరు రింగుల్ని అనుమానించాలి. చలికి బిగుసుకుపోయి సందు ఇస్తాయి, వేడికి మళ్ళీ సర్దుకుంటాయి. ఇంజను మీద లీకన్నమాట, కనుక వాయిదా వేయొద్దు. పొగగొట్టం దగ్గరే వస్తూ చెక్ ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటుంటే, పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది. అలాగే నడిపితే క్యాటలిటిక్ కన్వర్టరు కూడా పాడవుతుంది, దాని ఖరీదు తెలిసిందే.

"దీపం వెలగలేదు, ఫరవాలేదు" అనే మాట మనవాళ్ళ దగ్గర తరచు వింటాను. అది తప్పు. అమెరికాలో 1971 నుంచి కార్లలో ట్యాంకు ఆవిరిని పట్టుకునే ఏర్పాటు ఉంది. బొగ్గు నింపిన కానిస్టరు ఆ ఆవిరిని పీల్చి దాచుకుంటుంది. బండి నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని, దాన్ని ఇంజనులోకి పంపి మండిస్తుంది. 1996 మోడళ్ళ నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 కంప్యూటరు పరీక్షించేది ఈ ఆవిరి దారినే. ఇంజనుకి ఒత్తిడితో పెట్రోలు మోసే గొట్టంలో చుక్కలు కారుతుంటే సూటిగా కనిపెట్టే సెన్సరు దానికి లేదు. అన్నిటికన్నా ప్రమాదమైన లీకుకే దీపం వెలగకపోవచ్చు! ఆ విషయంలో మీ ముక్కే నయం.

దీపం వెలిగితే మాత్రం పని సులువు. ఇరవై ముప్ఫై డాలర్ల కోడ్ రీడరు చాలు. పీ0457 వస్తే పెట్రోలు మూత సరిగా బిగించలేదని, పీ0455 అయితే పెద్ద లీకని, పీ0442 అయితే చిన్నదని. మూత రబ్బరు చూసి, పగిలి ఉంటే మూత మార్చండి. దీపం ఆరడానికి కొన్నిరోజుల డ్రైవింగు పట్టొచ్చు. పెట్రోలు కొట్టించిన వెంటనే స్టార్టు కావడానికి బండి మొరాయిస్తుంటే, పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూడమనండి. చాలా కార్లలో అది చవకైన భాగమే.

పంపు 'టక్' మన్నాక, అంకె గుండుసున్నా అయ్యేదాకా మరో రెండు నొక్కులు నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ ఎక్కువైన పెట్రోలు కానిస్టరులోకి వెళ్ళి బొగ్గుని తడిపేస్తుంది. ఆవిరి కోసం పెట్టిన బొగ్గు ద్రవాన్ని ఏం చేసుకుంటుంది? అది పాడైతే వందల డాలర్లు.

మూత, కోడు దాటిన పని మెకానిక్కుకే వదలండి. పెట్రోలు గొట్టం మన చేత్తో విప్పేది కాదు, బండి ఆపినా లోపల ఒత్తిడి ఉంటుంది. లీకు దొరక్కపోతే స్మోక్ టెస్టు చేయమనండి. ఆవిరి గొట్టాల్లోకి పొగ ఎక్కిస్తే కన్నం ఎక్కడుందో పొగే చూపిస్తుంది. అక్కడికి వెళ్ళేముందు, కారు 17 అక్షరాల విన్ నంబరుని ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. వెబ్ సైటులో కొట్టి రీకాల్ ఏమైనా ఉందేమో చూడండి. పెట్రోలు లీకుల మీద రీకాల్స్ అరుదేమీ కాదు. ఉంటే డీలరు మామూలుగా ఉచితంగానే బాగుచేసి ఇస్తాడు.