షావొలిన్ గదులు, పగిలిన నుదుళ్ళు

వేసవి సెలవులు ముగియు వేళకు మన పట్టణములలో పాఠశాలల ఆటస్థలములందును, కల్యాణమండపములందును శిక్షణశిబిరముల ముగింపు ఉత్సవములు జరుగుచుండుట పాఠకు లెఱుగుదురు. పదేండ్ల పసివాడు మోకాళ్ళపై కూర్చుండును. వాని యెదుట రెండిటుకల నడుమ పెంకులు పేర్చియుండును. గురువుగారు కేక వేయగనే వాడు నుదుటితో ఆ పెంకులను మోదును. తల్లిదండ్రులు ఆ దృశ్యమును సెల్‌ఫోనులలో నెక్కించుకొని పొంగిపోవుదురు. ఇదేమి విద్య యని అడిగినవారికి ఎచ్చటనైనను లభించు సమాధాన మొక్కటే: దెబ్బలు తినగా తినగా శరీరము వజ్రమగునట, ఇదియే అసలైన కుంగ్‌ఫూ యట, దీనిని మన బౌద్ధభిక్షువు బోధిధర్ముడు చీనాకు పోయి నేర్పెనట, నమ్మనివారు షావొలిన్ ముప్పదియాఱు గదుల చిత్రమును చూడవచ్చునట. మూడు అసత్యములను ఒక సత్యమైన చిత్రమునకు ముడివేసి, ఆ ముడిని పసివాని నుదుటిమీద విప్పుచున్న ఈ ప్రచారమును ఉపేక్షించుట ఇక తగదు.

మొదట చిత్రము సంగతి. 1978లో హాంగ్‌కాంగునందలి షావ్ బ్రదర్స్ సంస్థ నిర్మించిన ఈ చిత్రమునకు దర్శకుడు లౌ కార్‌లియుంగ్. కథానాయకుడు గోర్డన్ లియూ. మంచూ ప్రభువుల దౌష్ట్యమునకు స్వజనులను కోల్పోయిన విద్యార్థి యొకడు గాయములతో షావొలిన్ ఆశ్రమమును చేరి, శాన్ తే అను పేర భిక్షువై, ముప్పదియైదు గదుల శిక్షణమును గడచి, సామాన్యజనులకు సైతము విద్య నేర్పుటకై ముప్పదియాఱవ గదిని కోరుట అందలి కథ. అందు వ్రేలాడు ఇసుకసంచులను శిరస్సుతో మోదుకొనుచు పోవలసిన గది యొకటి కలదు, కాదనను. కాని ఆ గదికి ముందేమి జరిగినదో చూచినవారికి జ్ఞాపకముండవలదా? విద్యార్థి మొదట తొందరపడి అత్యున్నతమైన గదికే నేరుగా పోవును, అచ్చట ఖడ్గములు లేవు, ముష్టియుద్ధము లేదు, సూత్రపఠన మున్నది, అది వానికి బోధపడదు, బయటికి గెంటబడును. తరువాత వానిని అన్నిటికంటె క్రింది గదికి పంపుదురు. అది భోజనశాల ముంగిట నున్న నీటిగుంట. నీటిపై తేలు కఱ్ఱలమీద అడుగు వేసి ఆవలికి పోయినగాని అన్నము లేదు. పడును, తడియును, ఆకలితో పండుకొనును, రాత్రులందు తానొక్కడే సాధన చేయును. పిమ్మట చేతులు చాచి నీటికుండలు మోయవలెను. చేతులు క్రిందికి దిగినచో ప్రక్కటెముకలకు గ్రుచ్చుకొనునట్లు కత్తులు కట్టబడియుండును. ఆపై పొడవైన గడ చివర బరువును కట్టి గంట మ్రోగించుచు మణికట్టును స్థిరపఱచుకొనవలెను. ఆపై తల కదల్పక కన్నులతోనే దీపమును వెంబడింపవలెను. కాలు, భుజము, మణికట్టు, కన్ను. ఇవన్నియు అయిన పిమ్మట గదా శిరస్సు! మన శిబిరములు నలువదిరోజుల పాఠమున మొదటి నాలుగు మెట్లను దాటవేసి, చివరిదానిని మాత్రము వేదికమీది కెక్కించుచున్నవి. చిత్రమును చూపి చేయుచున్న ఈ పని ఆ చిత్రము చెప్పినదానికి సరిగ్గా విపరీతము.

అంతియేకాదు. లౌ కార్‌లియుంగ్ సామాన్యుడగు సినిమా దర్శకుడు కాడు. యుద్ధవిద్యాగురువగు వాంగ్ ఫేహుంగ్ శిష్యుడైన లామ్ సైవింగ్‌కు శిష్యుడగు లౌ చామ్ కుమారుడు. హుంగ్ గార్ అను కుంగ్‌ఫూ సంప్రదాయమును తండ్రివద్ద నేర్చి, నటులకు పోరాటములు కూర్చి కూర్చి, తరువాతనే దర్శకుడైనవాడు. అట్టివాడు 1975లో తొలిసారి దర్శకత్వము వహించినపుడు ఏ కథ నెన్నుకొనెను? 'స్పిరిచ్యువల్ బాక్సర్' అను ఆ హాస్యచిత్రమున, దేవతలు పూనినారని నటించుచు, కత్తి తెగని శరీరము తనదని ఊరివారిని బురిడీ కొట్టించుచు పొట్టపోసికొను మోసగాని కథను! వజ్రకాయమును గూర్చి ఆ దర్శకుని అభిప్రాయ మిట్టిది. ఆ హాస్యమునకు వెనుక నున్న చరిత్ర మాత్రము హాస్యము కాదు. 1900లో చీనాలో బాక్సర్లని విదేశీయులు పిలిచిన తిరుగుబాటుదారులు, మంత్రజపముచేతను, దేవతావేశముచేతను తమ దేహములలో తుపాకిగుండ్లు దిగవని నమ్మి, ఎనిమిది దేశముల సేనల కెదురు నడచిరి. తుపాకిగుండ్లకు ఆ మంత్రములు తెలియవు గనుక అవి తమ పని తాము చేసినవి.

ఇక బోధిధర్ముడు. 2011లో 'సెవెంత్ సెన్స్' అను పేర తెలుగులోనికి వచ్చిన తమిళచిత్రము, పల్లవ రాజపుత్రు డొకడు చీనాకు పోయి అచ్చటివారికి వైద్యమును, యుద్ధవిద్యను ప్రసాదించినట్లు చూపిన నాటినుండి మనవారికి ఈ విషయమున సందేహమన్నది మిగులలేదు. సినిమావలన చరిత్ర నేర్చుకొన్నవారికి సాక్ష్యములు చూపుట వృథాశ్రమయే యైనను, చూపక తప్పదు. బోధిధర్ముని పేర్కొన్న గ్రంథములలో ప్రాచీనతమమైనది 547 ప్రాంతమున యాంగ్ శ్వాన్‌జీ లోయాంగ్ నగర విహారములను వర్ణించి వ్రాసినది. అందాయన ఒక మహావిహారము యొక్క శోభను చూచి చేతులు జోడించిన నూటయేబదియేండ్ల వృద్ధుడుగా కనబడును గాని ఒకరిపై చేయి యెత్తినట్లు లేదు. 645లో దావొశ్వాన్ కూర్చిన భిక్షుచరితములందు ధ్యానబోధకుడుగా కనబడును. అచ్చటను ముష్టి లేదు. షావొలిన్ ఆశ్రమమైనను ఆయనకొఱకు కట్టినది కాదు. 495 ప్రాంతమున ఉత్తర వేయి వంశపు చక్రవర్తి బాతువొ అను భారతీయ భిక్షువునకై కట్టించినది. 621లో పదుమువ్వురు షావొలిన్ భిక్షువులు, తరువాత తాంగ్ చక్రవర్తియైన లీ షిమిన్ పక్షమున కత్తి పట్టిరో, కఱ్ఱ పట్టిరో గాని పోరాడి, శత్రునాయకుని బంధువును పట్టి యిచ్చిరి. 728 నాటి శిలాశాసన మీ సంగతిని చెప్పుచు బోధిధర్ముని విద్యను గూర్చి ఒక్క అక్షరమును చెప్పలేదు.

పదునాఱవ శతాబ్దమున షావొలిన్ ఖ్యాతికి కారణమైనది చేతి పిడికిలి కాదు, కఱ్ఱసాము. సముద్రపు దొంగలపై పోరాడి భిక్షువులు పేరుగాంచినది దానివలననే. ఆ కఱ్ఱసామునకు వారు మూలపురుషునిగా కొలిచినది వజ్రపాణిని. ఆ దేవత వంటశాల సేవకుని వేషమున నుండి, ఆపద వేళ పొయ్యిలోని కొఱవి కఱ్ఱను చేతబట్టి దొంగలను తఱిమెనని వారి ఐతిహ్యము. ముష్టియుద్ధము అచ్చట ప్రాముఖ్యము వహించుట మింగ్ యుగాంతమునుండియే. ఇంతలో ఇంకొక ముచ్చట: 1560 ప్రాంతమున సేనాని యూ దాయూ షావొలిన్‌కు పోయి, భిక్షువుల కఱ్ఱసామును తిలకించి, అసలైన విద్య మీవద్ద నశించినదని తేల్చి, వారిలో ఇద్దఱు భిక్షువులను తన వెంట గొనిపోయి తానే తిరిగి నేర్పించెను. అసలైన షావొలిన్ విద్య తమవద్ద నున్నదని ఫలకములు వ్రేలాడదీసినవారు ఈ సంగతిని ఒకమాఱు మననము చేయుదురు గాక.

మఱి బోధిధర్ముని పేరు ఎచ్చటనుండి వచ్చినది? 'యీజిన్‌జింగ్' అను స్నాయుపరివర్తన గ్రంథమునుండి. పదునేడవ శతాబ్దపు తొలినాళ్ళలో పుట్టిన ఈ గ్రంథము, తాను బోధిధర్ముడు వదలిపోయిన రహస్యమునని చెప్పుకొనును. దేహమును మర్దించుట, కొయ్య రోకళ్ళతోను గులకరాళ్ళ సంచులతోను బాదుట విధించును. సాధకుడు వ్రేళ్ళతో ఎద్దు కడుపును చీల్చగలడని వాగ్దానము చేయును. పెంకులు పగులగొట్టు మన గురువుల కిదియే, తెలిసియో తెలియకయో, వేదము. దీనికి పీఠికలు రెండు. మొదటిది 628లో సేనాని లీ జింగ్ వ్రాసినదట. అందాయన ఈ పుస్తకము తనకు చేరిన క్రమమును చెప్పుచు, చాలకాలము తరువాత కథకులు కల్పించిన గిరజాల గడ్డపు వీరుని పేర్కొనుచున్నాడు! కథలోని పాత్ర చేతిమీదుగా పుస్తకము నందుకొన్న సేనాని చరిత్రలో ఈయన ఒక్కడే. రెండవ పీఠికాకర్త ఇంకను ఘనుడు. తనకు చదువు రాదని పీఠికలోనే ఒప్పుకొన్నాడు. పదునెనిమిదవ శతాబ్దపు చీనా పండితుడు లింగ్ తింగ్‌కాన్ ఈ కూటరచనను బయటపెట్టి, దీని కర్త ఏమియు నెఱుగని పల్లెపంతులై యుండునని యీసడించెను. 1930లో తాంగ్ హావొ అను యుద్ధవిద్యాచరిత్రకారుడు షావొలిన్ బోధిధర్మకథను ఆధారములతో తుత్తునియలు చేసెను. చీనావారే ఇన్నేండ్ల క్రిందట వదలించుకొనజూచిన కథను మనము గౌరవముతో ఎత్తుకొని మోయుచున్నాము.

ఒక్క మాట మాత్రము ఇష్టము లేకున్నను ఒప్పుకొనవలసియున్నది. బోధిధర్ముడు దక్షిణభారతీయుడను మాట నేటి కల్పన కాదు. ఆయన శిష్యవర్గమున నున్న తాన్‌లిన్ వ్రాసిన పీఠికలో ఆయన దక్షిణభారతదేశపు మహారాజునకు మూడవ కుమారుడని కలదు. యాంగ్ శ్వాన్‌జీ ఆయనను పారసీకుడనినను, తాన్‌లిన్ మాటకు విలువ కలదు. కాంచీపురమును, పల్లవవంశమును, ఇంకను ఉత్సాహమున్నవారు చేర్చు ఊర్లను ఆ పీఠికలో వెదకినను దొరకవు. మనవాడైన మనవాడే, కాని మనవాడు నేర్పినది గోడ కెదురుగా కూర్చుండి మనస్సును నిలుపుట.

చరిత్రను వదలి దేహమునకు వత్తము. బరువు మోసిన ఎముక మెల్లమెల్లగా గట్టిపడుట శరీరధర్మమే. ఒరపిడి తిన్న చర్మము కాయ కాయుటయు అట్టిదే. కాని పిల్లల ఎముకల చివరలందు ఎదుగుదలకు మూలమైన మృదులాస్థి పలకలుండును. యౌవనము వచ్చి ఎదుగుదల ముగియువఱకు అవి గట్టిపడవు. అచ్చట గాయమైనచో వ్రేలో, ముంజేయియో వంకరగా ఎదుగవచ్చును. మెదడు మాట చెప్పనక్కఱలేదు. దానికి కాయ కాయదు. పుఱ్ఱెలోపల నీటిలో తేలుచున్న ఆ మెత్తని పదార్థము ప్రతి దెబ్బకును లోపలి గోడకు తగులుచునే యుండును. నుదురు మొద్దుబారినంత మాత్రమున లోపలిది గట్టిపడదు. దెబ్బలు తిన్న ముష్టియోధులకు మాట తడబడుట, నడక తూలుట, మతి తప్పుట కలుగుచున్నదని హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు 1928లోనే వ్రాసెను. పెంకుల రహస్యము కూడ చెప్పవలెనా? ఎండలో బాగుగా ఆరిన పెంకును రెండు కొనలందు మాత్రమే ఆనించి నడుమ కొట్టిన, అది తనంతట తాను పగులుటకు సిద్ధముగానే యుండును. పెంకునకు పెంకునకు నడుమ సందు విడిచిన, పై పెంకు క్రింది పెంకును పగులగొట్టుకొనుచు పోవును. పిల్లవాని దైవశక్తి అందు లేదు, అది పదార్థశాస్త్రము.

మన కోడి రామమూర్తిగారు ఏనుగును ఱొమ్ముపై నిలిపికొనలేదా యని కొందఱడుగుదురు. నిలిపికొనిరి. ఆ బలము ఏండ్ల వ్యాయామముచేత వచ్చినది గాని, పదేండ్ల వయస్సున తలతో పెంకులు పగులగొట్టుటచే కాదు.

మిగిలిన భ్రమలకు పెద్దగా స్థలమీయ నక్కఱలేదు. షావొలిన్‌లో ముప్పదియాఱు గదులున్నవని వెదకుకొనుచు పోవువారికి అవి షావ్ బ్రదర్స్ సెట్టులలోనే దొరకును. శాన్ తే పంతొమ్మిదవ శతాబ్దపు జనరంజకమైన నవలనుండి వచ్చినవాడు, చరిత్రపురుషుడని నమ్మవలదు. మంచూ చక్రవర్తి దక్షిణ షావొలిన్‌ను తగులబెట్టించెననుట రహస్యసంఘముల ఐతిహ్యము; హెనాన్‌లోని అసలు ఆశ్రమమును 1928లో తగులబెట్టినది షీ యూసాన్ అను సేనాని, మంచూ చక్రవర్తి కాడు. తల గొఱిగించుకొన్నంత మాత్రమున భిక్షువు కాడు. తీగలమీద ఎగిరినవాడు యోధుడు కాడు.

కనుక తల్లిదండ్రులారా, చిత్రమును పిల్లలతో కలిసి చూడుడు, మంచి చిత్రము. చూచునపుడు నీటిగుంట ఘట్టమువద్ద ఆగి, ఇది యెన్నాళ్ళు పట్టునో వారినే అడుగుడు. గురువును వెదకునపుడు ఆయన గోడమీది పతకములను గాక, పిల్లలకు పడుటను, నిలుచుటను, ఊపిరిని, ఎదుటివాని దెబ్బను తప్పించుకొనుటను ఎంత ఓపికతో నేర్పుచున్నాడో చూడుడు. తల, మెడ, వ్రేళ్ళు తగులు ప్రదర్శనలకు మా పిల్లవాడు రాడని ముందే చెప్పుడు. చెప్పినందుకు అలిగిన గురువు విషయమున మీకిక సందేహ ముండనక్కఱలేదు. ఇప్పటికే తలతో పెంకులు పగులగొట్టిన పిల్లవాడు ఇంటికి వచ్చి, తలనొప్పి తగ్గదనినను, వాంతి చేసికొన్నను, మగతగా నున్నను, మాట తడబడినను, గురువుగారి తైలమునకై ఎదురుచూడక ఆనాడే ఆసుపత్రికి కొనిపొండు.