‘తర్వాత’ వేరు... ‘వల్ల’ వేరు!

‘పబ్బుల్లో సిగరెట్ నిషేధిస్తే వ్యాపారం దెబ్బతింటుందా?’ గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ ఇచ్చారనుకోండి. సగం మంది ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అంటారు. మిగతా సగం ‘పాపం, యజమాని ఏమైపోవాలి?’ అంటారు. పది నిమిషాలు గడిచిపోతాయి. ఎవరి మాటా గుర్తుండదు. మరి గుర్తుండేలా మాట్లాడాలంటే? ఒక్క ఉదాహరణని పూర్తిగా తెలుసుకుంటే చాలు. ఐర్లాండ్‌నే తీసుకుందాం.

అక్కడ వీధిలో పబ్బు అంటే మన టీకొట్టూ రచ్చబండా కలిసినట్టు. అలాంటి చోట 2004 మార్చి 29 నుంచి సిగరెట్ ఆరిపోయింది. పబ్బులతో సహా దాదాపు అన్ని పనిచేసే చోట్లా, నాలుగు గోడల మధ్య పొగతాగకూడదన్నారు. దేశమంతటికీ ఇలాంటి చట్టం తెచ్చిన తొలి దేశం అదే.

ఎవరి కోసం?

కస్టమర్‌కి పొగ పడకపోతే రావడం మానేస్తాడు. గ్లాసులు అందించే కుర్రాడికి ఆ వీల్లేదు. షిఫ్టు అయ్యేదాకా అందరి పొగా పీల్చాల్సిందే. అందుకే దీన్ని ఉద్యోగుల రక్షణ కోసమని తెచ్చారు. తర్వాత డబ్లిన్ పబ్బుల్లో గాలిని కొలిస్తే, సూక్ష్మ ధూళికణాలు 80 శాతానికి పైగా తగ్గాయని తేలింది.

గుమ్మం దాటిన పొగ

అయితే పొగ మాయం కాలేదు, వీధిలోకొచ్చింది. పబ్బుల ముందు గుంపులు, పేవ్‌మెంట్ మీద సిగరెట్ పీకలు, పై అంతస్తుల వాళ్లకి రాత్రిపూట గోల. యజమానులు పెరట్లో హీటర్లు పెట్టి కూర్చునే చోట్లు కట్టారు. ఇంకో విచిత్రం... బయట చలిలో అగ్గి అడిగే వంకతో పరిచయాలు మొదలయ్యాయి. స్మోకింగ్, ఫ్లర్టింగ్ కలిపి దానికి ‘స్మర్టింగ్’ అని పేరే పెట్టేశారు!

మరి వ్యాపారం?

పబ్బుల అమ్మకాలు తగ్గిన మాట నిజమే. కానీ ఆ తగ్గుదల నిషేధానికి ముందే మొదలైంది. షాపులో చవగ్గా కొనుక్కుని ఇంట్లోనే తాగేవాళ్లు అప్పటికే పెరిగారు. నిషేధం ‘తర్వాత’ తగ్గింది అనడం వేరు, నిషేధం ‘వల్ల’ తగ్గింది అనడం వేరు. చర్చలో ఈ తేడా పట్టుకున్నవాళ్ల మాటే నిలబడుతుంది.

మన దగ్గర

బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిబంధనలు 2008 అక్టోబరు 2న అమల్లోకొచ్చాయి. జరిమానా రూ.200 వరకు. 30 సీట్లకు తగ్గని రెస్టారెంట్లు విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. కానీ ఆ గదిలో ఏదీ సర్వ్ చేయకూడదని 2017లో సవరించారు.

ఏ నిర్ణయం మీద మాట్లాడాల్సి వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. మేలెవరికి? సమస్య తీరిందా, పక్కకి జరిగిందా? కనిపిస్తున్న మార్పుకి అసలు కారణం ఇదేనా?

మొదటి ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు. డబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తూ, పార్ట్‌టైమ్‌గా అక్కడ ట్రే మోసేది రేపు మీరే కావచ్చు.