చట్టం ఉంది... దారే దూరం!

అబార్షన్ మనదేశంలో చట్టబద్ధమే. యాభై ఏళ్ల పైమాటే. అయినా కడుపులో ఉన్నది వద్దనుకున్న ఆడమనిషి ఇప్పటికీ ఎవరికీ చెప్పకుండా మందుల షాపుకే ఎందుకు వెళ్తోంది?

ఒక్కసారి ఊహించుకోండి. పాతపట్నం దగ్గర్లో ఏదో ఒక పల్లె. ఆమెకు ఇరవై మూడేళ్లు. పెద్దపిల్ల అంగన్‌వాడీకి వెళ్తోంది. చిన్నోడు ఇంకా పాలు మానలేదు. పెనిమిటి చెన్నైలో కూలి పనిచేస్తున్నాడు. పండక్కి వచ్చి వెళ్లాడు. నెలసరి రాలేదు. 'పాలిస్తున్నాను కదా, మామూలేలే' అనుకుంది. కడుపులో కదలిక తెలిసేసరికి అయిదో నెల దాటింది. ఊళ్లోని ఆశా కార్యకర్త దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

''ఎవులికీ సెప్పకమ్మా... ఇది నాకొద్దు. ఏటి సెయ్యాలి?''

పేరెందుకు? ఆమె ఏ ఊళ్లోనైనా ఉంటుంది. ఆమె ప్రశ్నకు మన చట్టం దగ్గర ఉన్న జవాబు మాత్రం అంత తేలిక కాదు.

హక్కు కాదు, మినహాయింపు

1860లో తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతి ప్రకారం గర్భం తీసేయడం నేరం. తీసినవాళ్లకే కాదు, తీయించుకున్న తల్లికీ జైలే. 312 సెక్షన్ కింద మూడేళ్లు, శిశువు కదలికలు మొదలయ్యాకైతే ఏడేళ్ల వరకూ శిక్ష. నాటు మందులు మింగి, పుల్లలు పెట్టించుకుని తల్లులు చనిపోతుంటే 1964లో కేంద్రం శాంతిలాల్ షా కమిటీని వేసింది. దాని సిఫార్సుల ఫలితమే 1971 నాటి ఎంటీపీ చట్టం. 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

అప్పటికి ఎన్నో దేశాలకన్నా మనమే ముందున్నాం. కానీ ఓ మెలిక ఉంది. ఆ చట్టం పాత నేరాన్ని చెరిపేయలేదు. ఫలానా పరిస్థితుల్లో చేసిన డాక్టరును మాత్రం శిక్షించొద్దంది. 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చింది. 312 పోయి 88 వచ్చింది. సెక్షన్ నంబరు మారింది, నేరం మాత్రం అలాగే ఉంది. అంటే ఈనాటికీ 'నాకొద్దు' అన్న ఆమె మాట ఒక్కటే చాలదు. 'తీయొచ్చు' అని డాక్టరు అనాలి.

వారాల లెక్క

2021లో చట్టాన్ని సవరించారు. ఇరవై వారాల వరకూ ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. అదీ అందరికీ కాదు. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్తను పోగొట్టుకున్నవారు లేదా విడాకులైనవారు, వికలాంగులు, మానసిక సమస్యలున్నవారు, విపత్తుల్లో చిక్కుకున్నవారు, బిడ్డలో లోపాలున్నవారు... ఇదీ జాబితా. ఆపైన బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటేనే మెడికల్ బోర్డు అనుమతిస్తుంది. తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే మాత్రం వారాల లెక్క లేదు.

జాబితాలో పెళ్లికానివాళ్ల ప్రస్తావన లేదు. దాంతో 2022లో పాతికేళ్ల అవివాహిత ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 29న కోర్టు తీర్పునిచ్చింది. పెళ్లయినా కాకపోయినా చట్టం ముందు ఆడవాళ్లంతా ఒకటేనంది. భర్త బలవంతంవల్ల వచ్చిన గర్భాన్నీ ఈ చట్టం వరకూ అత్యాచారంగానే చూడాలంది.

మరి మన పాతపట్నం అమ్మాయి? పెళ్లయింది. భర్త ఉన్నాడు. ఏ జాబితాలోనూ లేదు. 2023లో అచ్చంగా ఇలాంటి కేసే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇద్దరు పిల్లల తల్లి. చంటిబిడ్డకు పాలిస్తుండటంతో గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. కాన్పు తర్వాత వచ్చిన మానసిక కుంగుబాటుకు మందులు వాడుతోంది. కోర్టు మొదట సరేనంది. వారం తిరిగేసరికి, అక్టోబరు 16న, కాదంది. అప్పటికి ఇరవై ఆరు వారాలు దాటాయి మరి!

ఆర్‌ఎంపీ అంటే ఎవరు?

చట్టంలో ఓ మాట ఉంది... 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్'. అంటే ఎంబీబీఎస్ చదివి, ప్రసూతి వైద్యంలో అనుభవమో శిక్షణో ఉన్న డాక్టరు. కానీ మన పల్లెల్లో 'ఆర్‌ఎంపీ' అంటే సైకిల్ మీదో బండి మీదో వచ్చి సూదేసి వెళ్లే పెద్దమనిషి! చట్టానికీ, ఊరికీ మధ్య ఉన్న దూరమంతా ఆ మూడక్షరాల్లోనే ఉంది. అర్హత లేనివాళ్లు గర్భం తీస్తే రెండు నుంచి ఏడేళ్ల కఠిన శిక్ష అని 2002 సవరణ చెబుతోంది. అయినా అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే.

ఇక మందుల షాపు. 2015లో దేశంలో సుమారు కోటీ యాభై ఆరు లక్షల అబార్షన్లు జరిగాయని 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో వచ్చిన అధ్యయనం అంచనా. వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో జరిగినవే. తొలి తొమ్మిది వారాల్లో, సరైన సలహాతో వాడితే ఆ మాత్రలు సురక్షితమే. ఎన్నో నెలో తెలియకుండా, ఎవరికీ చెప్పకుండా మింగితేనే చిక్కు. రక్తస్రావం ఆగకపోతే శ్రీకాకుళం పెద్దాసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో పరుగు.

పదిహేడేళ్ల పిల్లకు...

ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో. వీళ్లలో మైనర్లు ఆసుపత్రికొస్తే డాక్టరు పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. లేకుంటే డాక్టరుకే జైలు. 2017లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుతో, మైనరు భార్యతో కాపురం చేసిన భర్తా నేరస్థుడే. పిల్లల్ని కాపాడటానికి తెచ్చిన చట్టమే ఇక్కడ పిల్లల్ని ఆసుపత్రికి దూరం చేస్తోంది. 'మా ఆయన్ని పట్టుకుపోతారేమో' అన్న భయంతో ఏ పిల్ల నోరు విప్పుతుంది? మైనరు, ఆమె సంరక్షకులు కోరితే ఆ అమ్మాయి పేరు బయటపెట్టక్కర్లేదని 2022 తీర్పు వెసులుబాటు ఇచ్చింది. ఆ కబురు ఎన్ని ఆసుపత్రులకు చేరితే అంత మేలు.

అక్కడ అలా...

పాతపట్నం వాళ్లకు పర్లాకిమిడి పక్కూరే. బజారుకు వెళ్లినట్టే ఒడిశాలోకి వెళ్లొస్తారు. సరిహద్దుకు ఇవతలైనా అవతలైనా చట్టం ఒకటే. మనూళ్ల పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే అమెరికాలో అలా కాదు. 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు పాత రక్షణను కొట్టేశాక ఏ రాష్ట్రం చట్టం దానిదే. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ టెక్సాస్‌లోనే ఉంది. అక్కడ తల్లి ప్రాణాపాయంలో తప్ప దాదాపు పూర్తి నిషేధం. అత్యాచారానికీ మినహాయింపు లేదు. కావాలంటే పక్క రాష్ట్రం న్యూ మెక్సికోకు వెళ్లాలి.

నిషేధం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి సవితా హలప్పనవర్ పేరు చాలు. కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు. 2012లో ఐర్లండ్‌లో పదిహేడో వారంలో గర్భస్రావం మొదలైంది. బిడ్డ దక్కదని తెలుసు. తీసేయమని అడిగింది. శిశువు గుండె కొట్టుకుంటోందని కాదన్నారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అక్టోబరు 28న కన్నుమూసింది. ఆ మరణం ఐర్లండ్‌ను కుదిపేసింది. 2018లో రెఫరెండం పెడితే 66.4 శాతం మంది నిషేధం వద్దన్నారు.

మళ్లీ పాతపట్నానికొద్దాం. ఆమెకు కావాల్సినవి మూడే. నెల తప్పిన రోజే భయపడకుండా అడగ్గలిగే మనిషి, దగ్గర్లో ఒక డాక్టరు, తన మాటకు విలువిచ్చే చట్టం. మొదటి రెండూ ఉంటే అయిదో నెల దాకా వచ్చేదే కాదు. మూడోది ఉంటే వచ్చినా ఇంత భయం ఉండేది కాదు.

ఇవి తెలుసుకోండి

* పద్దెనిమిది నిండిన మహిళకు తన సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం అక్కర్లేదు. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి సంరక్షకుల అంగీకారం కావాలి.
* పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకూ జైలు.
* కుటుంబ నియంత్రణ పద్ధతి విఫలమై గర్భం వచ్చినా ఇరవై వారాల్లోపు తీయించుకోవచ్చు. పెళ్లి కాకపోయినా సరే.
* లింగ నిర్ధారణ వేరే చట్టం కింద నేరం. అబార్షన్‌తో దాన్ని కలపొద్దు.
* మాత్రలు వేసుకున్నాక రక్తస్రావం ఆగకపోయినా, జ్వరం వచ్చినా దాచొద్దు. 108కి ఫోన్ చేయండి.