చేతులకు ఉలి కట్టించుకున్న శిల్పి

బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రంలో కొంగోన్యాస్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కొండ మీద చర్చి ముందు మెట్ల పొడవునా పన్నెండు మంది ప్రవక్తలు నిలబడి ఉంటారు. బైబిలు పాత నిబంధనలోని యెషయా, దానియేలు, యోనా, హబక్కూకు వంటివారు. దానియేలు కాళ్ల దగ్గర సింహం, యోనా దగ్గర తిమింగలం. 1800 - 1805 మధ్య ఈ విగ్రహాలను చెక్కించిన వ్యక్తికి అప్పటికే వేళ్లు సరిగా పనిచేయడం లేదు.

ఆయన పేరు ఆంటోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా. లోకానికి తెలిసిన పేరు అలైజాడిన్యో. పోర్చుగీసులో ఆ మాటకు 'చిన్న అవిటివాడు' అని అర్థం. ఎగతాళి, జాలి కలిసిన ఈ పేరే చరిత్రలో నిలిచిపోయింది.

తండ్రి మానుయెల్ ఫ్రాన్సిస్కో లిస్బోవా పోర్చుగల్ నుంచి వచ్చిన వాస్తుశిల్పి. తల్లి ఆఫ్రికన్ బానిస. పుట్టిన సంవత్సరంపై వివాదం ఉన్నా, 1738 ప్రాంతమని ఎక్కువమంది అంటారు. ఊరు నేటి ఓరు ప్రేటు. అప్పటి పేరు విలా రికా, అంటే 'సంపన్న పట్టణం'. ఆ సంపద బంగారు గనులది, తవ్వినవాళ్లు బానిసలు. బంగారంలో ఐదో వంతు పోర్చుగల్ రాజుకు పన్నుగా పోయేది. గనుల ప్రాంతంలో సన్యాస సంఘాలు స్థిరపడకుండా రాజు నిషేధించాడు. దాంతో చర్చిలు కట్టే బాధ్యత సామాన్య భక్తుల సంఘాలపై పడింది. శ్వేతజాతి వారికో సంఘం, మిశ్రమ జాతివారికో సంఘం, నల్లవారికో సంఘం. ఒకరిని మించి ఒకరు చర్చి కట్టాలన్న ఆ పోటీయే శిల్పులకు చేతినిండా పని ఇచ్చింది.

1766లో మొదలైన ఓరు ప్రేటు సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఆయన ప్రతిభకు మంచి సాక్ష్యం. ముఖద్వారంపై చెక్కడానికి వాడింది స్థానికంగా దొరికే సబ్బురాయి. మన దగ్గర బలపాలు చేసే రాయి లాంటిదే. గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది. యూరప్ చలువరాయితో చేసిన పనిని ఇక్కడి రాయితో చేసి చూపడం చిన్న విషయం కాదు.

1777 ప్రాంతంలో జబ్బు మొదలైంది. కుష్టు అని కొందరు, సిఫిలిస్ అని కొందరు, మరేదో అని ఇంకొందరు. 1858లో రోడ్రిగో బ్రెటాస్ రాసిన జీవితచరిత్ర ప్రకారం వేళ్లు పోయాయి. మౌరిసియో అనే సహాయకుడు సుత్తి, ఉలి ఆయన చేతులకు కట్టేవాడు. ఆ మౌరిసియో అలైజాడిన్యో బానిస! బానిస స్త్రీ కొడుకు తానూ బానిసలను ఉంచుకున్నాడన్న ఈ వాస్తవాన్ని ఆయన్ని వీరుడిగా చిత్రించేవాళ్లు సాధారణంగా దాటేస్తారు.

బ్రెటాస్ పుస్తకం వచ్చింది శిల్పి పోయిన నాలుగు దశాబ్దాలకు. అందులో కల్పన ఎంత అన్న ప్రశ్న పరిశోధకులను ఇప్పటికీ వదల్లేదు. అసలు మనిషే లేడన్నవాళ్లూ ఉన్నారు. అది మరీ విడ్డూరం. కొంగోన్యాస్ పనికి డబ్బు తీసుకున్నట్టు రసీదులు ఉన్నాయి. అసలు చిక్కు వేరు. ఆయన పేరు మీద చలామణీ అవుతున్న శిల్పాలన్నీ ఆయనవేనా? ఆయన పేరుంటే ధర పెరుగుతుంది కాబట్టి ఈ ప్రశ్న కళాచరిత్రకే పరిమితం కాదు.

కొంగోన్యాస్‌లోనే ఆ చిక్కు కనిపిస్తుంది. కొండ దిగువ మందిరాల్లో క్రీస్తు శ్రమలను చూపే 60కి పైగా కొయ్య బొమ్మలు ఉన్నాయి. 1796 - 1799 మధ్య చెక్కిన వీటిలో కొన్ని ముఖాలు అద్భుతం, కొన్ని మొరటు. రోమన్ సైనికులు చాలామంది సహాయకుల పనే కావచ్చు. ప్రవక్తల శరీర నిష్పత్తులు కూడా అక్కడక్కడా తప్పుతాయి. మెట్ల కింద నుంచి చూసేవారి కోసం కావాలనే అలా చెక్కాడని ఒక వాదన, శిష్యుల చేతివాటమని ఇంకో వాదన. రెండూ కొంత నిజం కావచ్చు. అన్ని బొమ్మలూ ఒక్క చేత్తో చెక్కడం వేళ్లున్నవాడికీ సాధ్యం కాదు.

1814 నవంబరు 18న ఆయన చనిపోయాడు. తండ్రి రూపకల్పన చేసిన చర్చిలోనే ఖననం చేశారు. 1980లో ఓరు ప్రేటు, 1985లో కొంగోన్యాస్ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. చెక్కడానికి అనువైన ఆ మెత్తని రాయే ఇప్పుడు ఎండకూ వానకూ అరిగిపోతోంది. సందర్శకులు దాని మీద పేర్లు కూడా గీశారు. ప్రవక్తలను మ్యూజియంలోకి చేర్చి, మెట్ల మీద నకళ్లు నిలబెట్టాలా వద్దా అన్న చర్చ ఇంకా నడుస్తోంది.