సోనేపూర్ తీరం నుంచి కిలిమంజారోకు: ముందు లెక్కపెట్టాల్సింది రోజులు

సోనేపూర్ ఒడ్డున నిలబడితే కాళ్ళ కింద ఇసుక, ఎదురుగా బంగాళాఖాతం. బాహుదా నది సముద్రంలో కలిసే ఈ చోటికి ఆంధ్ర సరిహద్దు కూతవేటు దూరం. ఇక్కడ పుట్టి పెరిగిన శరీరానికి ఎత్తు అంటే తెలియదు. మన గంజాం, బరంపురం తెలుగు యువతలో ఎవరైనా ఆఫ్రికాలోకెల్లా ఎత్తయిన కిలిమంజారో ఎక్కాలనుకుంటే లెక్క ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

టాంజానియాలో ఉన్న ఈ కొండ ఎత్తు 5,895 మీటర్లు. మామూలు దారుల్లో తాళ్ళు, మంచుగొడ్డళ్ళు అక్కర్లేదు, నడక వస్తే చాలు. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ శిఖరం మీద మన ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదాంట్లో దాదాపు సగమే.

తెలుగువాళ్ళకు ఈ కొండ కొత్త కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. వాటిలో కిలిమంజారో ఒకటి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు, 2016లో కిలిమంజారో ఎక్కింది. వ్యవసాయ కూలీల ఇంటి నుంచి వచ్చిన ఆ అమ్మాయి నేరుగా ఎవరెస్టుకు పోలేదు. ముందు భువనగిరి కొండ, తర్వాత డార్జిలింగ్, ఆపైన లడఖ్ చలి. మెట్టు మెట్టుగా ఎక్కింది.

ఎన్ని రోజులు కావాలి?

మూడు వేల మీటర్లు దాటాక ఏ రాత్రికారాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు. పలచని గాలికి ఒళ్ళు అలవాటు పడటానికి ఆ సమయం కావాలి. ఇప్పుడు చవకగా దొరికే 5 రోజుల మరంగు దారిని చూడండి. మొదటి రాత్రి మందారా గుడిసెల్లో, 2,720 మీటర్ల దగ్గర. రెండో రాత్రి హొరొంబోలో, 3,720 దగ్గర. మూడో రోజు కిబో, 4,720 మీటర్లు. ఆ అర్ధరాత్రే శిఖరానికి బయలుదేరాలి. అంటే రోజుకు వెయ్యి మీటర్లు, వైద్యులు చెప్పినదానికి రెట్టింపు.

అదే దారిలో హొరొంబో దగ్గర ఇంకో రాత్రి ఆగితే కొంత మేలు. మచామే దారిలో 7 రోజులు, లెమోషో దారిలో 8 రోజులు తీసుకుంటే ఇంకా మేలు. ఈ దారుల్లో పగలు 4,600 మీటర్ల దాకా ఎక్కి, రాత్రికి 3,900 దగ్గరకు దిగి పడుకునే రోజు ఒకటుంటుంది. ఒళ్ళు అలవాటు పడేది ఇలాగే. అక్కడి గైడ్లు అడుగడుగునా 'పోలే పోలే' అంటారు. స్వాహిలీలో 'మెల్లగా మెల్లగా' అని అర్థం.

ఖర్చు ఎక్కడికి పోతుంది?

లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. పార్కు ప్రవేశానికి రోజుకు 70 డాలర్లు, గుడారం వేసుకుంటే రాత్రికి 50, రక్షణ రుసుము 20, వీటిపై 18 శాతం పన్ను. కొన్నేళ్ళుగా ఉన్న ఈ రేట్ల ప్రకారం 7 రోజులకు పార్కుకే సుమారు 955 డాలర్లు కట్టాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు సరిచూసుకోండి.

మరి మొత్తం వెయ్యి, పన్నెండు వందల డాలర్లకే తీసుకెళ్తామని ఎవరైనా అంటే తిండి, గైడ్, వంటమనిషి, పోర్టర్ల కూలి ఎక్కడి నుంచి వస్తాయి? ఒక్కో యాత్రికుడి సామాను, గుడారం, తిండి మోయడానికి సాధారణంగా ముగ్గురు నలుగురు పోర్టర్లు అవసరమవుతారు. ప్యాకేజీ ధర తగ్గితే ముందు తగ్గేది వాళ్ళ కూలే. సూరత్ మగ్గాల దగ్గరికి పొట్టచేత పట్టుకుని పోయిన కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో. మేస్త్రీ చేతిలో కూలి ఎలా కరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోర్టరుకు రోజుకెంత ఇస్తారు, 20 కిలోల బరువు పరిమితి పాటిస్తారా, మూడు పూటలా తిండి పెడతారా అని ముందే అడగండి. గైడ్ దగ్గర ఆక్సిజన్ ఉంటుందా అని కూడా అడగండి.

ఇక్కడే చేసుకోవాల్సిన సాధన

కాళ్ళకు మన తారాతారిణి కొండ 999 మెట్లు మంచి బడి. వీపున ఎనిమిది కిలోల సంచితో వారానికి రెండుసార్లు ఎక్కి దిగండి. గజపతి జిల్లాలోని 1,501 మీటర్ల మహేంద్రగిరిలో రోజంతా నడక అలవాటు చేసుకోండి. అయితే ఇవి కాళ్ళకే సాధన. ఎత్తు పడుతుందో లేదో తెలియాలంటే పశ్చిమ బెంగాల్‌లోని 3,636 మీటర్ల సందక్‌ఫు లాంటి చోటికి ఒకసారి వెళ్ళి రావడం మంచిది. కండబలం ఉన్నవాడికీ ఎత్తు జబ్బు వస్తుంది, ఒక్కోసారి వాడే తొందరపడి ముందు పడతాడు.

బయలుదేరే ముందు డాక్టరుకు చూపించుకోండి. బీపీ, గుండెతోపాటు సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరి అనుకోండి. మన ప్రాంతంలో ఆ లక్షణం ఉన్నా తెలియనివాళ్ళు ఉంటారు. ఎత్తులో అది ప్లీహానికి ప్రమాదం తేవచ్చు. ఎత్తు జబ్బుకు ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. విమానం ఇథియోపియా, కెన్యాల మీదుగా పోతుంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం కావాలో లేదో టికెట్ కొనకముందే తేల్చుకోండి. ఆ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. బీమా 6,000 మీటర్ల దాకా వర్తించాలి. చాలా పాలసీలు అంత ఎత్తుకు రావు.

జనవరి, ఫిబ్రవరి నెలలు, జూన్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు, అప్పుడు వద్దు.

వెనక్కి తిరగడం

తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే ఆ రోజు ఇంక ఎక్కకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా సరే వెంటనే కిందికి దిగాలి. దిగమని గైడ్ చెబితే వాదించకూడదు. ఎంతో అనుభవమున్న మస్తాన్‌బాబునే 2015లో ఆండీస్ పర్వతాలు తీసుకుపోయాయి.

గాలి మారితే చేపలు పడకపోయినా పడవ తిప్పేస్తారు మన సోనేపూర్ మత్స్యకారులు. దాన్ని ఎవరూ ఓటమి అనరు. రేపు మళ్ళీ వేటకు పోవచ్చు కదా. కిలిమంజారోకు డబ్బు కూడబెట్టుకునేవాళ్ళు శిఖరానికి కావలసిన సొమ్ముతోపాటు ఇంకో రెండు రోజుల ఖర్చు కూడా పక్కన పెట్టుకోండి. ప్యాకేజీలో అన్నిటికంటే విలువైనవి ఆ రెండు రోజులే.