సమ్మతి లేని యుద్ధం

శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో బారువ గ్రామం ఉన్నది. చుట్టూ ఉద్దానపు కొబ్బరి తోటలు, ఎదుట బంగాళాఖాతం. ఒకప్పుడు ఇది ఓడరేవు. కూలికీ, వ్యాపారానికీ బర్మాకు పోవడాన్ని ఈ తీరవాసులు ‘రంగం పోవడం’ అనేవారు, రంగమంటే రంగూన్. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది; ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. శ్రీకాకుళం జిల్లా 1950లో గాని ఏర్పడలేదు. దూరదేశపు యుద్ధం ఈ తీరాన్ని తాకదని ఎవరైనా అనుకొని ఉంటే, ఆ భ్రమ రెండున్నర సంవత్సరాలకు మించి నిలువలేదు.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. కేంద్ర శాసనసభను గాని, రాష్ట్రాలలో అధికారంలో ఉన్న మంత్రివర్గాలను గాని, జాతీయ నాయకులను గాని ఆయన సంప్రదించలేదు. అదే సామ్రాజ్యంలోని కెనడా తన పార్లమెంటులో చర్చించి, వారం తరువాత యుద్ధంలో ప్రవేశించింది. ఈ తారతమ్యమే తరువాత జరిగిన వాటన్నిటికీ మూలం. అక్టోబరు చివర మద్రాసులో రాజగోపాలాచారి మంత్రివర్గం రాజీనామా చేసింది. పరిపాలన గవర్నరు చేతిలోకి పోయింది.

ఈ రాజీనామా మద్రాసులో జరిగిన ఒక రాజకీయ ఘటన మాత్రమే కాదు. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ శాఖను నిర్వహించిన టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఒక సంఘం జమీందారీ రైతుల స్థితిగతులను విచారించి 1938లో నివేదిక సమర్పించింది. జమీందారీలతో నిండిన ఉత్తర కోస్తా రైతులు దానిపై ఎన్నో ఆశలు పెట్టుకొన్నారు. మంత్రివర్గంతోపాటు ఆ ఆశలూ మూలబడ్డాయి.

బ్రిటన్‌లో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉండెను. పౌరులను చట్టబద్ధంగా సైన్యంలో చేర్చడాన్ని నిర్బంధ సైనిక సేవ అంటారు. 1939 మే నెలలో యువకులకు నిర్బంధ శిక్షణ విధించే బిల్లు వచ్చినప్పుడు కార్మిక పక్షం దానిని వ్యతిరేకించింది. మనుషులను నిర్బంధించే ప్రభుత్వం ధనవంతుల ఆస్తిని మాత్రం ముట్టుకోదని ఆ పక్షపు అనుమానం. యుద్ధం మొదలైన రోజుననే 18 నుండి 41 ఏండ్ల పురుషులకు సైనిక సేవను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 1940 మే 10న చర్చిల్ ప్రధాని అయి, ప్రతిపక్షాలను కలుపుకొని సంకీర్ణ ప్రభుత్వం ఏర్పాటు చేశాడు. కార్మిక పక్ష నాయకుడు అట్లీ యుద్ధ మంత్రివర్గంలో చేరాడు. రవాణా కార్మికుల సంఘానికి నాయకుడైన ఎర్నెస్ట్ బెవిన్ శ్రామిక శాఖ మంత్రి అయ్యాడు. ఎవరిని సైన్యానికి పంపాలో, ఎవరిని కర్మాగారంలో ఉంచాలో నిర్ణయించే అధికారం ఒక కార్మిక నాయకుని చేతికి వచ్చింది. 1941 డిసెంబరులో అవివాహిత యువతులకు కూడా జాతీయ సేవ తప్పనిసరి అయినది. ఇంతటి నిర్బంధాన్ని ప్రజలు సహించారంటే, దానిని విధించిన ప్రభుత్వంలో తమవారు కూడా ఉన్నారన్న నమ్మకమే ముఖ్య కారణం.

ఆ నమ్మకం లేనిచోట అదే చట్టం నడవలేదు. ఉత్తర ఐర్లాండులో నిర్బంధ సేవను ప్రవేశపెట్టాలని 1941లో ఆలోచించి, అక్కడి జాతీయవాదుల నిరసనకు జంకి, చర్చిల్ ప్రభుత్వం వెనుకకు తగ్గింది. భారతదేశంలో ఆ ప్రయత్నమే చేయలేదు. ఇక్కడ 1940లో చేసిన చట్టం నివాసమున్న ఐరోపా జాతి బ్రిటిష్ పౌరులను మాత్రమే నిర్బంధ సేవకు లోబరచింది. అదే సంవత్సరం మరొక ఆర్డినెన్సు ద్వారా సాంకేతిక నైపుణ్యం గల పనివారిని యుద్ధ కర్మాగారాలకు తరలించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. సామాన్య భారతీయుని సైన్యంలోకి బలవంతంగా లాగడానికి మాత్రం సాహసించలేదు. దీనిని దయ అనుకోరాదు, అది భయం.

ఆ భయానికి కారణమేమిటో 1940 వసంతంలో ఈ తీరమే చూపింది. మార్చి నెలలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షునిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ప్రభుత్వం ముందే నిర్బంధించింది. ‘ఒక్క పైసా ఇవ్వము, ఒక్క సోదరుని ఇవ్వము’ అనే అర్థం గల హిందీ నినాదం ఆ రోజులలో దేశమంతటా మారుమ్రోగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కలప విషయమై తలెత్తిన వివాదంలో పోలీసులు కాల్పులు జరిపారు. రైతులతోపాటు సాసుమాన గున్నమ్మ అనే గర్భవతి నేలకొరిగింది. వీరగున్నమ్మగా ఆమెను ఈ ప్రాంతం నేటికీ స్మరిస్తున్నది. ఆ కాల్పులకు యుద్ధం నేరుగా కారణం కాదు. కాని తన అడవిలో కట్టె కొట్టినందుకు తుపాకి ఎక్కుపెట్టిన ప్రభుత్వం, అదే తుపాకిని తనకిచ్చి తన కోసం పోరాడమంటే రైతు ఏమనుకొంటాడు? 1909లో బారువలో జన్మించిన గౌతు లచ్చన్న వంటివారు జమీందారీ వ్యతిరేక పోరాటాన్నీ, స్వాతంత్ర్య పోరాటాన్నీ వేరువేరుగా చూడకపోవడానికి కారణం ఇదే.

అయితే జాతీయ కాంగ్రెసు యుద్ధ సహాయానికి ఎల్లప్పుడూ తలుపులు మూయలేదు. 1940 జులైలో, పూనాలో జరిగిన సమావేశంలో, కేంద్రంలో తాత్కాలిక జాతీయ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేస్తే దేశరక్షణకు పూర్తిగా తోడ్పడతామని ఒక ప్రతిపాదన ఆమోదించింది. దీనికి ముఖ్య ప్రేరకుడు రాజగోపాలాచారి. అహింసా సిద్ధాంతం కారణంగా గాంధీజీ దీనితో ఏకీభవించలేదు. బ్రిటన్‌లో చర్చిల్ చేసినదే ఇక్కడ చేయమని వారు అడిగారు: అధికారం పంచుకోండి, భారమూ పంచుకొంటాము. ఆగస్టు 8న వైస్రాయి ఇచ్చిన జవాబులో తన కార్యనిర్వాహక మండలిలో కొన్ని స్థానాలు, ఒక యుద్ధ సలహా మండలి తప్ప మరేమీ లేదు. అక్టోబరులో వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం ప్రారంభమైంది.

జాతీయ ప్రభుత్వం లేకున్నా సైన్యం మాత్రం పెరిగింది. 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం యుద్ధాంతానికి 25 లక్షలకు చేరింది. వీరంతా స్వచ్ఛందంగా చేరినవారే అని చరిత్ర గ్రంథాలు చెప్పుతాయి. చట్టరీత్యా అది నిజము. కాని వర్షంపై ఆధారపడిన సేద్యము, జమీందారు శిస్తు, పెరుగుతున్న ధరల నడుమ నిలిచిన యువకునికి నెలజీతం, కడుపునిండా తిండి చూపితే అతని నిర్ణయాన్ని పూర్తిగా స్వేచ్ఛ అనవచ్చునా? ఇరవైలలో రద్దయిన మద్రాసు రెజిమెంటు కూడా ఈ అవసరం వలననే తిరిగి ప్రాణం పోసుకొన్నది. దక్షిణాదివారు యుద్ధజాతులు కారని చెప్పిన వాదాన్ని అవసరం మరిపించింది.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఆ నగరం పడిపోయింది. బర్మాలోని భారతీయులు లక్షల సంఖ్యలో, ఓడలు దొరికినవారు ఓడలలో, దొరకనివారు కాలినడకన అడవులు దాటి, స్వదేశానికి బయలుదేరారు. వారిలో తెలుగువారు అసంఖ్యాకులు. రంగం పోవడం అనే మాటకు ఆశ అనే అర్థం అప్పటితో తొలగింది.

ఆ నెలలోనే చర్చిల్ సంకీర్ణ ప్రభుత్వం స్టాఫర్డ్ క్రిప్స్‌ను ఢిల్లీకి పంపింది. చర్చలు జరుగుతుండగానే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. తీరమంతా భయాందోళనలకు లోనైనది. ఇక ఢిల్లీలో వాదన ఎక్కడ ఆగిపోయినదో గమనించవలెను: రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న వద్ద. బాంబులు పడే తీరాన్ని కాపాడే బాధ్యతను ఆ తీరవాసుల ప్రతినిధికి అప్పగించడానికి ప్రభుత్వం అంగీకరించలేదు. నాలుగు రోజులలో చర్చలు విఫలమయ్యాయి. ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం వచ్చింది. లచ్చన్న వంటివారు కారాగారాల పాలయ్యారు.

చర్చిల్ సంకీర్ణం 1945 మే నెలలో అంతమైనది. భారతదేశంలో తాత్కాలిక ప్రభుత్వం 1946 సెప్టెంబరు 2న ఏర్పడింది. క్రిప్స్ నాడు ఇవ్వని రక్షణ శాఖను అందులో బలదేవ్ సింగ్ చేపట్టాడు. జపాను లొంగుబాటు పత్రంపై సంతకం చేసి ఆనాటికి సరిగ్గా ఒక సంవత్సరం.